మన నీళ్ళకి ఇసుక తొట్టి చాలు



వానకాలం వస్తే మన గెడ్డ నీళ్ళు ఎర్రబడతాయి. వాంతులు, విరేచనాలు, కామెర్లు ఆ నీళ్ళతోనే వస్తాయి. అందుకే ఆర్.ఓ. యంత్రం పెట్టించమని చాలామంది అడుగుతున్నారు. నా అభిప్రాయం వేరు.

ఆ యంత్రం ముఖ్యంగా నీటిలో కరిగిన ఉప్పు, ఫ్లోరైడ్ వంటివి తీయడానికి. ఫ్లోరైడ్ వల్ల నల్లగొండ పల్లెలు ఎంత బాధపడ్డాయో మనం విన్నాం. అలాంటి చోట అది కావాలి. మన గెడ్డలో ఉన్నది బురద, క్రిములు. పైగా యంత్రానికి కరెంటు కావాలి, పోసిన నీళ్ళలో చాలా భాగం వృథాగా పోతుంది. గాలివానకి మూడు రోజులు కరెంటు పోతే మళ్ళీ గెడ్డ నీళ్ళే గతి!

మన పెద్దలు గెడ్డ ఒడ్డున ఇసుకలో చెలమ తీసి తేటనీళ్ళు ముంచుకునేవారు. ఇసుక తొట్టి కూడా అలాంటిదే. అడుగున గులకరాళ్ళు, పైన మీటరు మందాన సన్న ఇసుక వేయాలి. నీళ్ళు గంటకు 10 సెంటీమీటర్లు మాత్రమే దిగాలి. కొన్ని వారాలకు ఇసుక మీద జిగురు పొర కడుతుంది. అందులోని సూక్ష్మజీవులు రోగక్రిములను తినేస్తాయి. అందుకే ఆ పొరను ఎండనివ్వకూడదు.

ఇది కొత్త సంగతి కాదు. 1829లోనే లండన్‌లో జేమ్స్ సింప్సన్ ఇలాంటిది కట్టాడు. 1892లో జర్మనీలోని హాంబర్గ్‌లో కలరాతో 8 వేలమందికి పైగా చనిపోయారు. దిగువనున్న ఆల్టోనా పట్నం తాగింది అదే ఎల్బే నది నీళ్ళు, హాంబర్గ్ మురుగు కలిసినవి. కాని ఇసుకలో వడకట్టి తాగింది. అక్కడ కలరా చాలా తక్కువ.

లెక్క చూడండి. ఒక చదరపు మీటరు ఇసుక రోజుకి 2400 లీటర్లు ఇస్తుంది. మనిషికి 5 లీటర్ల చొప్పున 480 మందికి తాగడానికి సరిపోతాయి.

ఇబ్బందులు లేవని నేను అనను. బురద నీళ్ళు నేరుగా పోస్తే ఇసుక పూడుకుపోతుంది. ముందు గులకరాళ్ళ తొట్టిలోంచి పంపాలి. నీళ్ళు దిగడం మందగిస్తే పైన ఒకటి రెండు సెంటీమీటర్ల ఇసుక గీకెయ్యాలి. అందుకే తొట్లు రెండు ఉండాలి. చివర్లో తగినంత బ్లీచింగ్ పౌడరు కలపాలి. ఇవన్నీ పార, బక్కెట్టుతో అయ్యే పనులు. పట్నం నుండి మెకానిక్ రానక్కర్లేదు.

చౌక అంటే కొన్ననాటి ధర కాదు. పదేళ్ళపాటు దాన్ని ఎవరు నడుపుతారు, పాడైతే ఎవరు బాగుచేస్తారు అన్నదే అసలు లెక్క. మాస్టార్లూ, గూడెం పెద్దలూ ఈ మాట ఆలోచించాలని కోరుతున్నాను.