ఆ గడిలో సున్నా

పోయిన వేసవిలో వారం తేడాతో మా ఇంటికి రెండు ఆఫర్ లెటర్లు వచ్చాయి. ఒకటి మా ఆయనకి, బెంగళూరు నుంచి. రెండోది నాకు, విశాఖపట్నం నుంచి. అప్పుడు మేముండేది హైదరాబాదులో, నిజాంపేటలో. పాపకి మూడేళ్ళు నిండాయి. నేను ఉద్యోగం మానేసి రెండున్నరేళ్ళు.

నలుగురికీ చెప్పడం మొదలుపెట్టాక ఒకటి గమనించాను. తనకి వచ్చినదాన్ని అందరూ ‘ఆఫర్’ అన్నారు. నాకు వచ్చినదాన్ని “నీకూ ఏదో వచ్చిందటగా, మంచిదే” అన్నారు. తనకి నాలుగు రౌండ్ల ఇంటర్వ్యూ జరిగింది. పాపని ఎవరు చూసుకుంటారని ఒక్కరూ అడగలేదు. నన్ను రెండో రౌండ్లోనే అడిగారు, అదీ నవ్వుతూ, మర్యాదగా. పిల్ల ఇద్దరిదీనూ.

‘ఏ ఊరు మేలు?’ అన్నది మన తరానికి తెగని చర్చ. ట్రాఫిక్ ఎక్కడ తక్కువ, నీళ్ళు ఎక్కడ వస్తాయి, స్కూలు ఫీజు ఎక్కడెంత, వాతావరణం ఎక్కడ బావుంటుంది. ఏ స్నేహితుల గ్రూపులో చూసినా ఇదే గోల. ఈ చర్చ మొత్తం ఒక అబద్ధం మీద నడుస్తోందని నా వాదన. ఆ అబద్ధం నాకు మా ఇంట్లోనే, ఒక ఎక్సెల్ షీటులో కనిపించింది.

మా ఆయన పద్ధతైన మనిషి. శనివారం రాత్రి పాప పడుకున్నాక లాప్‌టాప్ తెరిచి, ఎడమ పక్క బెంగళూరు, కుడి పక్క వైజాగ్ అని రెండు నిలువు వరసలు పెట్టాడు. బెంగళూరు ప్యాకేజీ 40 లక్షలు. అందులో కంపెనీ కట్టే పీఎఫ్ ఉంది, ఐదేళ్ళు పనిచేస్తే గానీ చేతికి రాని గ్రాట్యుటీ ఉంది, వస్తుందో రాదో తెలియని వేరియబుల్ ఉంది. అవన్నీ తీసేసి, పన్ను కూడా పోను నెలకి చేతికొచ్చేది 2 లక్షల 30 వేలని వేశాడు. అంత నిజాయితీగా లెక్క వేసినందుకు మెచ్చుకున్నాను కూడా. వైజాగ్ అయితే, అప్పటికి చేస్తున్న కంపెనీయే తనని అక్కణ్ణుంచి పని చేసుకోనిస్తుంది. నెలకో వారం హైదరాబాదు రావాలి, హైక్ మాత్రం అడక్కూడదు. తనది 1 లక్ష 35 వేలు, నాది 55 వేలు. కలిపితే 1 లక్ష 90 వేలు. అద్దె బెంగళూరులో 45 వేలు, వైజాగ్‌లో 18 వేలు. అద్దె పోను అక్కడ 1 లక్ష 85 వేలు, ఇక్కడ 1 లక్ష 72 వేలు. బెంగళూరు 13 వేలతో గెలిచింది.

కింద ఇంకో అడ్డవరస ఉంది. ‘పాప, ఇల్లు’ అని రాశాడు. బెంగళూరు గడిలో సున్నా. వైజాగ్ గడిలోనూ సున్నా.

“ఇదేంటి?” అన్నాను.

“అక్కడ నువ్వుంటావుగా. మొదట్లో ఓ ఆర్నెల్లు మా అమ్మ వస్తానంది. వైజాగ్ అయితే మీ అమ్మ ఉన్నారుగా, విజయనగరం నుంచి గంటన్నర.”

దాచిపెట్టి అన్నమాట కాదు. తనకి అది నిజంగానే సున్నా. చెప్పొద్దూ, ఆ క్షణం వరకూ నాకూ అంతే.

చిన్నపిల్లలున్న ఇంటికి రెండు ఊళ్ళ నుంచి ఉద్యోగాలు వస్తే పోటీ ఊళ్ళ మధ్య అని మనం అనుకుంటాం. ఏ ఊరు గెలిచినా, దాని వెనక ఒక ఆడమనిషి తన రోజుని ఊరికే ఇస్తేనే ఆ జీతం నిలబడుతుంది. ఒక ఊళ్ళో భార్య, ఇంకో ఊళ్ళో తల్లి, మరో ఊళ్ళో అత్తగారు. మనిషి మారుతుంది. అంకె మారదు.

“ఛ, పిల్లల మీద ప్రేమకి కూడా రేటు కడతారా?” అని ఈపాటికి కొందరు మొహం చిట్లించి ఉంటారు. మా మామయ్యగారూ ఇదే అన్నారు. కానీ రేటు ముందే కట్టేశారు కదండీ. సున్నా కూడా ఒక రేటే. అది ఎవరు కట్టారు, ఎవర్ని అడిగి కట్టారు అన్నదే నా ప్రశ్న. ప్రేమని లెక్కలోకి తేకూడదన్న పట్టుదల మీకుంటే ఆ వరసని షీటులోంచే తీసెయ్యండి. దాన్ని సున్నాగా కూడి, మిగిలిన డబ్బుని గెలిచిన ఊరి ఖాతాలో వేసుకోకండి.

ఇందులో మా ఆయన ఒక్కణ్ణే తప్పుపట్టలేను. దేశాలే ఇలా లెక్క వేస్తున్నాయి. జాతీయాదాయాన్ని కొలిచే అంతర్జాతీయ పద్ధతిలో ఒక విచిత్రం ఉంది. సొంతింట్లో మనమే ఉంటే, ఎవరూ ఇవ్వని ఆ అద్దెని ఊహించి జీడీపీలో కలుపుతారు. అదే ఇంట్లో మనం అన్నం వండుకుంటే, పిల్లకి స్నానం చేయిస్తే కలపరు. జీతమిచ్చి మనిషిని పెట్టుకుంటే మళ్ళీ కలుపుతారు. న్యూజీలాండ్ పార్లమెంటులో సభ్యురాలిగా పనిచేసిన మెరిలిన్ వారింగ్ 1988లోనే ఈ లెక్కల మీద ఒక పుస్తకం రాసింది. గోడలకి అద్దె ఊహించగలిగిన పెద్దమనుషులు, ఆ గోడల మధ్య తిరిగే మనిషికి కూలి ఊహించలేకపోయారు.

మన దగ్గర లెక్కలే లేవని కాదు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో టైమ్ యూజ్ సర్వే చేసింది. ఇంటిపని చేసే ఆడవాళ్ళు జీతంలేని ఆ పని మీద సగటున రోజుకి 299 నిమిషాలు గడుపుతున్నారని తేలింది. మగవాళ్ళు 97 నిమిషాలు. ఇక్కడ మగవాళ్ళంటే ఎంతో కొంత ఇంటిపని చేసినవాళ్ళే; అసలు ముట్టుకోనివాళ్ళు ఈ సగటులో లేరు. పిల్లల్నీ పెద్దల్నీ చూసుకోవడం వేరే పద్దు. 2024లో మళ్ళీ సర్వే చేస్తే 289, 88 వచ్చాయి. ఇద్దరి మధ్య తేడా 202 నిమిషాల నుంచి 201కి దిగింది. ఐదేళ్ళలో, మధ్యలో ఇళ్ళలోంచి ఎవరూ కదలని లాక్‌డౌన్లు కూడా గడిచాక, మనం సాధించిన సమానత్వం ఒక్క నిమిషం.

“జీతం ఎవరిది ఎక్కువైతే వాళ్ళ ఉద్యోగం వెంట వెళ్ళడం తెలివైన పని” అన్నది ఇంకో వాదన. వినడానికి న్యాయంగానే ఉంటుంది. మా పెళ్ళినాటికి మా ఇద్దరి నెలజీతాల మధ్య తేడా ఆరు వేలు. ఇవాళ్టి తేడా తెలివితేటల వల్ల వచ్చింది కాదు. పాప పుట్టాక ఎవరు ఆగారు, ఎవరు ఆగలేదు అన్నదాని వల్ల వచ్చింది. ‘ఇప్పుడు ఎవరి జీతం ఎక్కువ?’ అని ప్రతిసారీ అడిగితే ప్రతిసారీ ఒకే జవాబు వస్తుంది. పోయినసారి ఇచ్చిన జవాబే ఈసారి ప్రశ్నని తయారుచేసింది మరి. బెంగళూరు వెళ్ళుంటే నా రెండున్నరేళ్ళ గ్యాపు నాలుగేళ్ళయ్యేది. అప్పుడు నాకు 55 వేలు కూడా ఎవరూ ఇవ్వరు. అప్పుడూ “నీ జీతంతో మనకేం తేడా వస్తుంది చెప్పు” అనేవాళ్ళు, అదీ ప్రేమగానే.

2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు, 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్ ఉండాలని రాశారు. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసి రావచ్చు. తండ్రి ఊసు లేదు. బెంగళూరు కంపెనీలో క్రెష్ ఉందేమో కనుక్కోమని మా ఆయనతో చెప్పాను. ఉందట. ‘మహిళా ఉద్యోగులకి మాత్రమే’ అని జవాబొచ్చింది. తన ఆఫీసుకి పాపని తీసుకెళ్ళొచ్చన్న ఆలోచన అంతవరకూ మా ఇద్దరికీ రాలేదు. కంపెనీకీ రాలేదు.

ఇక సాహిత్యం చదివే మనవాళ్ళతో నాకున్న పేచీ. వలస మీద మనకి కథలకి కొదవలేదు. ఊరొదిలిన దిగులు, అమ్మేసిన ఇల్లు, కూతురి పురుటికని అమెరికా వెళ్ళి ఆర్నెల్లూ కిటికీలోంచి మంచు చూస్తూ కూచున్న తల్లిదండ్రులు. నేనూ అవి చదివి ఏడ్చినదాన్నే. నేను చదివినవాటిలో చాలా కథల్లో అమ్మ ఒంటరిది. ఆవిడ ఎన్నింటికి లేచింది, ఎన్ని సీసాలు కడిగింది, ఎన్నింటికి నడుం వాల్చింది అన్నది మాత్రం కథకుడు రాయడు. ఒంటరితనం రాస్తే పాఠకుడి కళ్ళు చెమరుస్తాయి. పనిగంటలు రాస్తే ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సొస్తుంది, ఆ ఎవరో ఒకరు సాధారణంగా కథకుడే.

కొందరు మిత్రులు భాష గురించి బెంగపెట్టుకున్నారు, బెంగళూరు వెళితే పాప తెలుగు మర్చిపోతుందని. బెంగళూరులో తెలుగుకేం కరువు? పైగా కన్నడ వస్తే ఇంకో భాష కలిసొస్తుంది, లిపి కూడా మనకి దగ్గరే. హైదరాబాదు ప్లేస్కూళ్ళలో మాత్రం తెలుగు ధారగా ప్రవహిస్తోందా? “సరే, తెలుగు నేర్పేదెవరు?” అని అడిగితే అందరూ నా వైపే చూశారు. రాత్రి కథ, పొద్దున్న పాట, అక్షరాలు దిద్దించడం. మాతృభాష అన్న మాటలోనే పని ఎవరిదో రాసిపెట్టేశాం. అదే గడిలో ఇంకో సున్నా.

ఇంతవరకూ చదివి నన్ను బాధితురాలిగా ఊహించుకుంటే పొరపాటు. వైజాగ్ గడిలో ఉన్న సున్నా మా అమ్మ. ఆ సున్నా వేసింది నేనే, మా ఆయన టైపు చేశాడంతే. ఇంటర్వ్యూలో “మా అమ్మ ఉన్నారండీ, ఇబ్బంది లేదు” అని ధీమాగా చెప్పాను. అమ్మని అడక్కుండానే చెప్పాను. అమ్మకి అరవయ్యొకటి. ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది, చీరలకి ఫాల్స్ వేస్తుంది. ఆ డబ్బుతో చీటీ కడుతుంది. మోకాళ్ళ నొప్పులు. నాన్నకి షుగరు. గురువారం సాయంత్రం భజన మానదు. ఇవన్నీ నాకు తెలుసు. నా ఉద్యోగం దగ్గరకొచ్చేసరికి ఇవేవీ గుర్తులేవు. నన్ను సున్నా చేసిన షీటు మీద నాకొచ్చిన కోపం, అమ్మని సున్నా చేసినప్పుడు ఎక్కడికి పోయింది?

మర్నాడు ఇద్దరం కూర్చుని ఆ రెండు సున్నాలూ చెరిపేశాం. అదే పని బయట మనుషులు చేస్తే ఎంతవుతుందో వాకబు చేసి వేశాం. బెంగళూరులో రోజంతా పాపని చూసుకునే మనిషికి 22 వేలు, వంటకి 8 వేలు. వైజాగ్‌లో సాయంత్రం ఏడు దాకా డేకేర్‌కి 11 వేలు, వంటకి 5 వేలు. మళ్ళీ కూడితే బెంగళూరులో మిగిలేది 1 లక్ష 55 వేలు, వైజాగ్‌లో 1 లక్ష 56 వేలు.

వెయ్యి రూపాయలతో వైజాగ్ గెలిచిందని చప్పట్లు కొట్టమనను. అద్దె కొంచెం అటూ ఇటూ అయితే ఆ వెయ్యి ఎగిరిపోతుంది. కానీ “కళ్ళు మూసుకుని బెంగళూరు వెళ్ళండి” అన్నవాళ్ళందరి ధీమా విలువ 13 వేలు. ఆ ధీమాని మోసింది నా రోజు. కళ్ళు మూసుకుంటేనే అలా కనబడుతుంది.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, అది నాకు నేనే చెప్పుకున్నది. ఆ 22 వేలకి వచ్చే ఆవిడ తన పిల్లల్ని ఎవరి దగ్గర వదిలి వస్తుంది? పెద్దకూతురి దగ్గరో, వాళ్ళమ్మ దగ్గరో. మా ఇంట్లో చెరిపిన సున్నా ఆవిడ ఇంట్లో పడుతుంది. నా దగ్గర దీనికి పూర్తి జవాబు లేదు. కానీ పనికి ధర ఉందని ఒప్పుకున్నాకే ఆ ధర సరిపోతుందా అని అడగగలం. సున్నా దగ్గరే ఆగిపోయినవాళ్ళకి ఆ ప్రశ్న కూడా రాదు.

మేం వైజాగ్ వచ్చాం. రెండేళ్ళకని రాసుకున్నాం, ఆ తర్వాత మళ్ళీ లెక్క, ఈసారి తన వంతు. ఊరికే ఏమీ రాలేదు. తను వదులుకున్న హోదాలోకి తన స్నేహితుడు వెళ్ళాడు. ఆ ఫోటోలు వచ్చినరోజు తను ముభావంగా ఉంటాడు. తను హైదరాబాదు వెళ్ళే వారం నాకు చుక్కలు కనబడతాయి. పాపకి జ్వరమొస్తే డేకేర్ వాళ్ళు రానివ్వరు. ఆ రోజు ఎవరు సెలవు పెట్టాలని గొడవపడతాం. ఇంతకుముందు ఈ గొడవ ఉండేది కాదు, దాని అవసరమే రాలేదు. నాకు ఈ గొడవే నయమనిపిస్తుంది.

మీకూ రెండు ఊళ్ళ నుంచి రెండు ఉత్తరాలు వస్తాయి. షీటు వెయ్యండి, తప్పులేదు. ఆ అడ్డవరసని ముందు నింపండి. ఎవరి పేరు రాస్తున్నారో ఆ మనిషిని అడిగి నింపండి.

నేను ఆలస్యంగానైనా అడిగాను. డేకేర్ కుదిరాక అమ్మకి ఫోన్ చేశాను.

“ఏటే, ఎప్పుడు రమ్మంటావు మరి? నాన్న మందులవీ సర్దుకోవాలి” అంది.

“పనికి రావద్దమ్మా. చూడ్డానికి రా. ఆదివారం పొద్దున్న వచ్చి, బుద్ధి పుట్టినప్పుడు వెళ్ళు” అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. కోపమొచ్చిందేమో అనుకున్నాను.

“అలాగైతే ఆ పెళ్ళివాళ్ళ జాకెట్లు ఒప్పేసుకుంటాను. కుదరదని చెప్పేద్దామనుకున్నాను” అంది.