కఫీల్ ఎవరు? ఐటీ కాంట్రాక్టు ఉద్యోగంలో ఇంటివాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న

హైదరాబాద్ ముస్లిం కుటుంబాలకు కాంట్రాక్టు ఉద్యోగం కొత్త కాదు. సౌదీ, దుబాయ్, కువైట్ వెళ్లే అబ్బాయి విషయంలో పెద్దలు జీతం ఎంత అని అడిగే ముందే ఇంకో మాట అడిగేవారు: కఫీల్ ఎవరు? కంపెనీ వీసానా, ఆజాద్ వీసానా? ఆజాద్ వీసా అంటే కాగితం మీద ఒకరు, పని చేయించుకునేది ఇంకొకరు. జీతం ఆగితే ఇద్దరూ చేతులెత్తేస్తారు. ఈ సంగతి దెబ్బలు తిని నేర్చుకున్నదే.

అదే పెద్దలు ఈరోజు అబ్బాయికి హైటెక్ సిటీలో ఉద్యోగం అనగానే ఆ ప్రశ్న మర్చిపోతున్నారు. మెడలో వేలాడే కార్డు మీద పెద్ద కంపెనీ పేరు చూసి సంతోషపడుతున్నారు. జీతం వేసేది ఆ కంపెనీయేనా, మధ్యలో ఇంకెవరైనా ఉన్నారా అని అడగడం లేదు. ఐటీ ఉద్యోగాల బజారు ఇప్పుడున్న పరిస్థితిలో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

బజారు ఎందుకు మారింది

రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన లెక్కల ప్రకారం 2022-23లో తెలంగాణ ఐటీ రంగంలో కొత్తగా 1,27,594 ఉద్యోగాలు వచ్చాయి. మొత్తం ఉద్యోగుల సంఖ్య 9 లక్షలు దాటింది. మరుసటి ఏడాది, 2023-24లో, కొత్తగా వచ్చినవి 40 వేల పైచిలుకు మాత్రమే. ఎగుమతుల విలువ ఆ ఏడాది కూడా పెరిగింది. అంటే వ్యాపారం పెరిగినంతగా మనుషుల్ని తీసుకోవడం లేదు.

2025లో ఇది ఇంకా స్పష్టంగా బయటపడింది. టీసీఎస్ ఆ ఏడాది జూన్‌లో బెంచ్ మీద ఉండే కాలానికి హద్దు పెట్టింది. ఏడాదిలో కనీసం 225 రోజులు క్లయింటుకు బిల్లు అయ్యే పని చేయాలి, ప్రాజెక్టు లేకుండా 35 రోజులకు మించి ఉండకూడదు. జులైలో మొత్తం సిబ్బందిలో 2 శాతం మందిని, అంటే దాదాపు 12 వేల మందిని తగ్గిస్తామని ప్రకటించింది. సర్కారు నౌకరీ తర్వాత అంత గట్టిదని జనం అనుకునే కంపెనీ అది. సెప్టెంబర్‌లో అమెరికా కొత్త హెచ్-1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల ఫీజు వేసింది. ఇక్కడ రెండేళ్లు కాంట్రాక్టులో నెట్టుకొచ్చి తర్వాత అమెరికా వెళ్లిపోదాం అనుకున్నవాళ్లకు ఆ దారి ఇరుకైంది.

ఆర్డర్లు ఎంతకాలం ఉంటాయో కంపెనీలకే నమ్మకం లేనప్పుడు అవి పర్మినెంట్ ఉద్యోగం ఇవ్వడానికి వెనకాడతాయి. పని మాత్రం ఆగదు. ఆరు నెలలకో, ఏడాదికో మనుషులు కావాలి. అక్కడే కాంట్రాక్టు వస్తుంది. పని చేయించుకునే క్లయింటు, దాని కింద పెద్ద వెండార్, దాని కింద చిన్న కన్సల్టెన్సీ, చివర్లో అబ్బాయి. ప్రాజెక్టు ఆగితే పైనున్న ప్రతి ఒక్కరూ ఒక ఈమెయిల్‌తో బయటపడతారు. ఆగిపోయిన జీతం భారం మోసేది అబ్బాయి ఇల్లు.

లెక్క వేసి చూస్తే

కాంట్రాక్టులన్నీ ఒకటి కావు. రెండు రకాలున్నాయి. ఒకటి, వెండార్ కంపెనీ పేరోల్ మీద నిర్ణీత కాలానికి ఉద్యోగిగా తీసుకోవడం. రెండోది, ఉద్యోగి అనే మాటే లేకుండా కన్సల్టెంట్ అని రాసి, జీతానికి బదులు ఫీజు ఇవ్వడం. చేసే పని ఒకటే, కూర్చునే కుర్చీ కూడా ఒకటే కావచ్చు. తేడా కాగితంలో ఉంటుంది.

నెలకు 50 వేల ఆఫర్ అనుకుందాం. మొదటి అబ్బాయి ఉద్యోగి. బేసిక్ 25 వేలు. పీఎఫ్‌ను 15 వేల పరిమితి మీద లెక్క కడితే అతని వాటా 1,800, కంపెనీ వాటా 1,800. ఆ రెండూ 50 వేలలోంచే పోతాయి. వృత్తి పన్ను 200. గ్రాట్యుటీ కింద పక్కన పెట్టేది సుమారు 1,200. చేతికొచ్చేది 45 వేలు.

రెండో అబ్బాయి కన్సల్టెంట్. వృత్తి ఫీజు కింద చూపి 10 శాతం టీడీఎస్ కోస్తే పోయేది 5 వేలు. చేతికొచ్చేది అదే 45 వేలు.

వేరే ఆదాయం లేకపోతే రెండో అబ్బాయి రిటర్న్ వేసి ఏడాదికి కోసిన 60 వేలు వెనక్కి తెచ్చుకోవచ్చు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను పడదు కదా. దాంతో ‘కన్సల్టెంటే నయం’ అనిపిస్తుంది. కానీ మొదటి అబ్బాయికి ఏడాదిలో పీఎఫ్, పెన్షన్ ఖాతాల్లో పడింది 43,200. గ్రాట్యుటీ లెక్క 14,400. రెండూ కలిపితే 57,600. చిల్లర పక్కన పెడితే ఇద్దరిదీ ఒకటే సొమ్ము.

మరి పోయేది ఏంటి? పోయేది రక్షణ. పీఎఫ్ ఉన్న ఉద్యోగి సర్వీసులో ఉండగా చనిపోతే కుటుంబానికి ఈడీఎల్ఐ బీమా కింద 7 లక్షల దాకా వస్తుంది. ఉద్యోగిగా ఉన్న అమ్మాయి కాన్పుకు ముందు 12 నెలల్లో 80 రోజులు పని చేసి ఉంటే జీతంతో ప్రసూతి సెలవు హక్కు, మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు. కన్సల్టెంట్‌కు ఇవేవీ లేవు. రేపు ఇంకో కంపెనీలో చేరేటప్పుడు అనుభవం నిజమా కాదా అని యూఏఎన్ నంబరు మీద ఉన్న పీఎఫ్ చరిత్ర చూస్తారు. కన్సల్టెంట్‌గా చేసిన రెండేళ్లు అందులో కనిపించవు. చేసిన పనికి రుజువు చూపలేక తిప్పలు పడాలి.

కొత్త చట్టం ఎవరికి పనికొస్తుంది

2025 నవంబర్ 21న కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లకు వాటిలో నాలుగు సంగతులు ముఖ్యం. నియామక పత్రం తప్పనిసరి. నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి పర్మినెంట్ ఉద్యోగితో సమానంగా ప్రయోజనాలు ఇవ్వాలి. అతనికి గ్రాట్యుటీ కోసం ఐదేళ్లు ఆగక్కర్లేదు, ఏడాదికే హక్కు వస్తుంది. తీసేసినా, తానే మానేసినా, రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. ఇంతకుముందు ‘ఫుల్ అండ్ ఫైనల్’ కోసం నెలలు తిరిగినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

కానీ వీటన్నింటికీ ఒకటే తలుపు: కాగితంలో ‘ఉద్యోగి’ అనే మాట. ఆ మాట లేని కన్సల్టెంట్ ఒప్పందం మీద సంతకం పెట్టినవాడు ముందు తాను నిజానికి ఉద్యోగినే అని నిరూపించుకోవాలి. ఆ పోరాటం లేబర్ ఆఫీసులోనో కోర్టులోనో ఒంటరిగా చేయాలి. చట్టం బలపడేకొద్దీ సంతకం పెట్టే ముందు చదవడం ఇంకా ముఖ్యం అవుతుంది.

అబ్దుల్లాపూర్‌మెట్ వైపు ఇల్లు, రాయదుర్గం వైపు పని

ఈ మాటలు నగరం తూర్పు వైపు కుటుంబాలకు ఎక్కువ తగులుతాయి. మలక్‌పేట, సైదాబాద్, దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు కొనే స్థోమత లేనివాళ్లకు విజయవాడ హైవే మీద హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట, అబ్దుల్లాపూర్‌మెట్ వైపు వెంచర్లే ఆశ. ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర, పండ్ల మార్కెట్ బాటసింగారం వచ్చింది, ధరలు పెరుగుతాయి అని చెప్పి ప్లాట్లు అమ్ముతారు. సూద్ వద్దనుకునేవాళ్లు బిల్డర్‌కు వాయిదాలు కడతారు, మిగతావాళ్లు బ్యాంకు లోన్ తీసుకుంటారు. రెండింటికీ పూచీ అబ్బాయి జీతమే.

పని మాత్రం ఇంకా ఎక్కువగా పడమరనే ఉంది. ఐటీని నగరం నలుమూలలకూ పంచాలని 2020లో గ్రిడ్ విధానం వచ్చింది. ఉప్పల్, పోచారం వైపు కొన్ని పెద్ద కంపెనీలు ఉన్నాయి. మలక్‌పేటలో ఐటీ టవర్‌కు 2023 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. అయినా అబ్దుల్లాపూర్‌మెట్ అబ్బాయి హైటెక్ సిటీలో పని చేయాలంటే ఎల్‌బీ నగర్ దాకా బస్సు, అక్కడ మెట్రో, అమీర్‌పేటలో దిగి ఇంకో మెట్రో. అంత దూరం పోయి వచ్చేవాడికి సాయంత్రం కొత్త కోర్సు నేర్చుకునే ఓపిక, ఇంకో ఇంటర్వ్యూకి వెళ్లే వీలు తక్కువ. కాంట్రాక్టు అయిపోయేలోపు ఇంకోటి చూసుకోవాల్సింది కూడా వాడే.

అసలు చిక్కు ఇక్కడుంది. ఒప్పందం ఆరు నెలలది, వాయిదాలు పదేళ్లవి, ఇరవై ఏళ్లవి. రిష్తా మాట్లాడేటప్పుడు కూడా ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాట ఒక్కటి సరిపోతోంది. నికాహ్ ఖర్చు, ఫంక్షన్ హాల్, చెల్లెలి చదువు అన్నీ ఆ జీతం మీదే లెక్క వేస్తారు. తర్వాత ఒక ఈమెయిల్ వస్తే తప్పు అబ్బాయిది అయిపోతుంది.

గల్ఫ్ కుటుంబాలు ఈ పాఠం ఒకసారి చదివాయి. 2017 జులైలో సౌదీ ప్రభుత్వం కుటుంబ సభ్యుల మీద నెలకు తలకు 100 రియాల్ ఫీజు పెట్టింది, 2020 నాటికి దాన్ని 400 చేసింది. ఎంతోమంది భార్యాపిల్లల్ని వెనక్కి పంపేశారు. ఆ జీతం ఎప్పటికీ వస్తుందని నమ్మి అప్పులు చేసినవాళ్లు నలిగిపోయారు. జీతం ఎంతకాలం ఉంటుందో చూసుకుని ఖర్చు పెట్టినవాళ్లు నిలబడ్డారు.

సంతకానికి ముందు

కాంట్రాక్టు ఉద్యోగం వద్దనడం తెలివి కాదు. ఇంట్లో కూర్చోవడం కంటే అనుభవం వచ్చే పని మేలు. మంచి వెండార్ దగ్గర పీఎఫ్‌తో ఏడాది చేసినవాళ్లను క్లయింట్ కంపెనీయే తీసుకోవడం కూడా ఉంది. చూసుకోవాల్సినవి కొన్ని:

నియామక పత్రం మీద పేరు ఎవరిది? అందులో ‘ఉద్యోగి’ అని ఉందా, ‘కన్సల్టెంట్’ అని ఉందా?

మొదటి జీతం పడిన తర్వాత పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూడాలి. ఉమంగ్ యాప్‌లో నెల నెలా జమ, కంపెనీ పేరు కనిపిస్తాయి. జీతం చీటీలో పీఎఫ్ కోసి, పాస్‌బుక్‌లో పడకపోతే మొదటి నెలలోనే అడగాలి.

ముందే తీసేస్తే నోటీసు ఎన్ని రోజులు? ఆ నోటీసు రెండు వైపులా సమానమా, లేక అబ్బాయికి మూడు నెలలు, కంపెనీకి ఒక్క రోజా?

ఉద్యోగం ఇస్తామని డబ్బు అడిగితే, దొంగ అనుభవం సర్టిఫికెట్ పెడదామంటే, అక్కడికక్కడే లేచి రావాలి. పీఎఫ్ చరిత్రతో ఆ అబద్ధం ఎప్పుడైనా బయటపడుతుంది, అప్పటిదాకా చేసిన నిజమైన పని కూడా దానితో పాటే పోతుంది.

చివరిది ఇంటివాళ్లకు. కాంట్రాక్టు జీతం మీద నెల వాయిదా పెట్టుకునే ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన ఉందో లేదో చూడాలి. లేకపోతే ప్లాటు ఇంకో ఏడాది ఆగినా నష్టం లేదు. అబ్బాయి ‘కాంట్రాక్టు అయిపోయింది’ అని చెప్పినప్పుడు ఇంట్లో ఆ మాట వినే ఓపిక ఉండాలి. అది లేక రెండు నెలలు రోజూ బ్యాగు తగిలించుకుని ఆఫీసుకని బయల్దేరితే, వాడికి కఫీల్ ఆఫీసులోనూ లేడు, ఇంట్లోనూ లేడు.