సన్నసెగ మహిమ

కంద, ముల్లంగి వేసి కట్టెలపొయ్యిమీద మూడు గంటలు మగ్గించిన వేటమాంసంలో ఏదో "అమ్మచేతి మహిమ" ఉందనీ, గ్యాసు వచ్చి ఆ రుచిని చంపిందనీ మన రచయితలు కొందరు వాపోతున్నారు. ఇది సంస్కృతి ముసుగు వేసుకున్న భావవాదం. దీన్ని నేను ఒప్పుకోను.

మహిమ ఎక్కడుంది? జబ్బ, మెడ, కాళ్ళ ముక్కల్లో కండను పట్టి ఉంచే కొల్లాజెన్ అనే మాంసకృత్తు తడివేడికి నెమ్మదిగా కరిగి జిలటిన్ అవుతుంది. కూరకు చిక్కదనం దానివల్లనే. మంట కట్టెదా, గ్యాసుదా అని అది అడగదు. దుంపలు చివర్లో వేస్తే చాలు. ముందే వేస్తే ముద్దవుతాయి. (ఆ కూరలో కారం పుట్టించే మిరపకాయే అమెరికా ఖండంనుంచి వచ్చింది. "అనాది సంప్రదాయం" అనేవారు గమనించాలి!)

ఇక పొయ్యి సంగతి. మా గూడూరు వరిపొలాల నేల, అడవి లేదు. పిడకలు, కంప, తాటికమ్మలతో సెగ సన్నగా నిలవాలంటే ఒక మనిషి అక్కడే కూచుని, ఎగదోస్తూ, ఊదుతూ పొగ మింగాలి. ఆ మనిషి పగలంతా నాట్లు వేసి వచ్చిన ఆడకూలీ. వడ్డన అయ్యాక ఆమెకు మిగిలేది అడుగు పులుసు. 1999లో దీపం పథకం వచ్చాక కొన్ని ఇళ్ళలో ఆమెకు పొగ తప్పింది. వీరికి రుచి తప్పిందట! బండ నింపే డబ్బు చాలక మళ్ళీ పిడక రాజేసే ఇల్లాలికి వీరి వ్యాసం చదివి వినిపించగలరా?

రుచే కావాలంటే గ్యాసు మంట తగ్గించి, మూత పెట్టి, మూడు గంటలు వారే కాపలా కాయవచ్చు. అడ్డెవరు?