ఒక్క స్టెప్పు.. ఎంతమంది వేయగలరు? ఇంటి ఛాలెంజ్‌లలో వెనకబడిపోతున్న పిల్లలెవరు?

ఒక పాట, ఒక స్టెప్పు, పదిహేను సెకన్ల వీడియో. నచ్చినవాళ్లు చేస్తారు, చేసినవాళ్లు ఫ్రెండ్స్‌ను ట్యాగ్ చేస్తారు. చూస్తుండగానే అది ఛాలెంజ్ అయిపోతుంది. 2020 లాక్‌డౌన్‌లో క్రికెటర్ డేవిడ్ వార్నర్ తన ఇంట్లో ‘బుట్టబొమ్మ’కు వేసిన స్టెప్పులు మనవాళ్లకు ఇంకా గుర్తే. ఆ తర్వాత ‘నాటు నాటు’ స్టెప్పు దేశాలే దాటేసింది. గ్రౌండ్ అక్కర్లేదు, కోచ్ అక్కర్లేదు, ఫీజు లేదు. ఇంతకంటే అందరికీ అందే ఆట ఇంకేముంటుంది అనిపిస్తుంది.

కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆ స్టెప్పు వేయాలంటే రెండు కాళ్లూ వేగంగా కదలాలి. చూసి నేర్చుకోవాలంటే కళ్లు కనిపించాలి. బీట్ పట్టుకోవాలంటే పాట వినిపించాలి. వీడియో తీయాలంటే చేతిలో ఫోన్ ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ పిల్లలు ఆడేవాళ్ల వరసలోంచి చూసేవాళ్ల వరసలోకి వెళ్లిపోతారు. మరి లోపం ఎక్కడుంది? పిల్లల్లోనా, మనం పెట్టిన ఛాలెంజ్‌లోనా? అసలు చర్చ ఇదే.

ఇది సరదా విషయం మాత్రమే కాదు

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2020లో ఆ సంస్థ మార్గదర్శకాలను సవరించినప్పుడు వైకల్యం ఉన్నవారికి తొలిసారి ప్రత్యేకంగా సూచనలు చేర్చింది. వైకల్యం ఉన్న పిల్లలకు చెప్పింది కూడా అదే 60 నిమిషాలు. అంటే ‘వాళ్లకెందుకులే, కూర్చోనివ్వండి’ అనే మాటకు వైద్యపరంగా ఆధారం లేదన్నమాట.

మిగతా పిల్లలైనా ఆడుతున్నారా అంటే అదీ లేదు. 146 దేశాల సమాచారంతో 2019లో ఇదే సంస్థ పరిశోధకులు వెల్లడించిన అధ్యయనం ప్రకారం 11-17 ఏళ్ల వయసువారిలో 81 శాతం మంది సరిపడా కదలడం లేదు. అబ్బాయిల్లో ఇది 78 శాతం, అమ్మాయిల్లో 85 శాతం.

మన దేశంలో 2011 జనాభా లెక్కల ప్రకారం వైకల్యం ఉన్నవారు 2.68 కోట్ల మంది. అప్పుడు లెక్కలోకి తీసుకున్నవి 8 రకాల వైకల్యాలే. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. అదే చట్టంలోని 30వ సెక్షన్ క్రీడల్లో వీరికి చోటు కల్పించే బాధ్యతను ప్రభుత్వాలపై పెట్టింది. 2007లో భారత్ ఆమోదించిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం కూడా ఆటపాటల్లో మిగతా పిల్లలతో సమానంగా అవకాశం ఇవ్వాలని చెబుతోంది. కాబట్టి ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, హక్కు.

పెరట్లో మొదలై ప్రపంచమంతా..

‘ఇంట్లో ఆడే ఆటలతో ఏం మారుతుంది?’ అనుకునేవాళ్లు స్పెషల్ ఒలింపిక్స్ చరిత్ర చూడాలి. 1962లో అమెరికాలోని మేరీల్యాండ్‌లో యూనిస్ కెనడీ ష్రైవర్ తన ఇంటి పెరట్లోనే మేధోపరమైన వైకల్యం ఉన్న పిల్లలకు వేసవి శిబిరం పెట్టారు. ఆరేళ్లకే, 1968 జులైలో, షికాగోలో తొలి స్పెషల్ ఒలింపిక్స్ క్రీడలు జరిగాయి. ఈ ఉద్యమం నుంచి వచ్చిందే ‘యూనిఫైడ్ స్పోర్ట్స్’. వైకల్యం ఉన్నవారు, లేనివారు ఒకే జట్టులో కలిసి ఆడటం దీని పద్ధతి.

కరోనా టైమ్‌లో ఇదే సంస్థ రెజ్లర్ బెకీ లించ్‌తో ఇంట్లో చేసే వ్యాయామ వీడియోలు తీసుకొచ్చింది. బ్రిటన్‌లో జో విక్స్ యూట్యూబ్ లైవ్ క్లాసును 2020 మార్చి 24న ఒకేసారి 9.55 లక్షలకు పైగా స్ట్రీమ్‌లలో చూశారు, అది గిన్నిస్ రికార్డు. మన దగ్గర అదే ఏడాది ఆగస్టు 15 నుంచి అక్టోబరు 2 వరకు ‘ఫిట్ ఇండియా ఫ్రీడమ్ రన్’ నడిచింది. ఎక్కడైనా, ఎప్పుడైనా, మీ వేగంతో మీరు పరిగెత్తండి అన్నదే అందులోని ఆలోచన. ఆ ‘మీ వేగంతో మీరు’ అన్న మాటలోనే అందరినీ కలుపుకునే ఛాలెంజ్‌కు బీజం ఉంది.

రూల్ మారితే ఆట మారుతుంది

అంధుల క్రికెట్‌నే తీసుకోండి. లోపల గలగలలాడే ప్లాస్టిక్ బంతి, అండర్ ఆర్మ్ బౌలింగ్, వేసేముందు బౌలర్ ‘ప్లే’ అని గట్టిగా చెప్పాలి. పూర్తిగా చూపులేని బ్యాటర్ కొట్టిన పరుగులు రెట్టింపు లెక్కేస్తారు. పోటీ తగ్గలేదు, ఉత్కంఠ తగ్గలేదు. ఈ ఆటలో భారత జట్టుకు కెప్టెన్‌గా చేసిన ఆంధ్రప్రదేశ్ ఆటగాడు ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డికి 2023 సంవత్సరానికి అర్జున అవార్డు దక్కింది.

డాన్స్ సంగతీ అంతే. వీల్‌చైర్ డాన్స్ 1968లో స్వీడన్‌లో మొదలైంది. ఇప్పుడది అంతర్జాతీయ క్రీడ. వీల్‌చైర్‌లో ఒకరు, నిలబడి మరొకరు జంటగా చేసే విభాగం అందులో ఉంది. ఇక మన ‘మయూరి’ సినిమా సుధా చంద్రన్‌ను తెలుగువాళ్లు ఎలా మర్చిపోతారు? ప్రమాదంలో కాలు కోల్పోయి, జైపూర్ కాలుతో మళ్లీ నాట్యం చేసిన తన కథలో తనే నటించారు.

మరి ఛాలెంజ్ ఎలా డిజైన్ చేయాలి?

వైకల్యం ఉన్నవారికి ఆటలు నేర్పేవాళ్లు ఎప్పటి నుంచో ఒక చిట్కా వాడుతున్నారు. దాని పేరే ‘స్టెప్’. నాలుగు ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరు. స్పేస్, టాస్క్, ఎక్విప్‌మెంట్, పీపుల్. మన మాటల్లో చెప్పాలంటే చోటు, పని, వస్తువు, మనుషులు. ఈ నాలుగింటిలో ఒకటి మారిస్తే చాలు, బయట నిలబడిన పిల్లలు లోపలికి వస్తారు.

చోటు: హాలంతా తిరిగే స్టెప్పును కుర్చీలో కూర్చుని చేసేలా మార్చొచ్చు. మంచం మీద నుంచి కూడా చేయగలిగే రూపం ఒకటి ఉండాలి.

పని: కాళ్లతో వేసే బీట్‌ను చప్పట్లతో, భుజాలతో, తల ఊపుతో వేయనివ్వండి. ‘నిమిషంలో 50 సార్లు’ అని అందరికీ ఒకే లెక్క పెట్టే బదులు, నిన్నటి మీ లెక్క కంటే ఇవాళ ఒక్కటి ఎక్కువ అని పెట్టండి. అప్పుడు ప్రతి ఒక్కరికీ గెలిచే దారి ఉంటుంది.

వస్తువు: బంతిని ప్లాస్టిక్ కవర్లో చుడితే దొర్లేటప్పుడు చప్పుడొస్తుంది, చూపులేని పిల్లలు దాన్ని పట్టుకోగలరు. సాక్సులు ఉండ చుడితే కూర్చుని విసిరే బంతి రెడీ. పారాలింపిక్స్‌లో ఉన్న బొచ్చా ఆటను ఇంట్లో ఇలాగే ఆడుకోవచ్చు.

మనుషులు: సోలో వీడియోనే ఎందుకు? అన్నాచెల్లెళ్లు, తాతామనవళ్లు జంటగా చేసే ఛాలెంజ్ పెట్టండి.

వీడియో చేసేవాళ్లకు ఇంకో మాట. ‘ఇలా చేయండి, అలా తిప్పండి’ అంటే చూపులేనివాళ్లకు ఏమీ తెలియదు. ‘కుడిచెయ్యి పైకి, రెండు లెక్కపెట్టి ఎడమవైపు తిరగండి’ అంటే తెలుస్తుంది. వినిపించనివాళ్ల కోసం స్క్రీన్ మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు వేస్తే బీట్ కళ్లకు కనబడుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

ఫోన్ ఎవరి చేతిలో ఉంది?

ఇంటి ఛాలెంజ్‌లకు ఇంకో అడ్డుగోడ ఉంది, దాని గురించి తక్కువ మాట్లాడతాం. 14-18 ఏళ్లవారిపై జరిగిన 2023 అసర్ గ్రామీణ సర్వేలో దాదాపు 90 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నట్టు తేలింది. కానీ ఫోన్ వాడటం తెలిసినవాళ్లలో సొంత ఫోన్ ఉన్నది అబ్బాయిల్లో 43.7 శాతం మందికి, అమ్మాయిల్లో 19.8 శాతం మందికే. గ్రౌండ్‌కు వెళ్లనివ్వని ఇంట్లో ఫోన్ కూడా అన్న చేతిలోనే ఉంటే ఆ అమ్మాయి ఆడేదెప్పుడు? అందుకే వీడియో అప్‌లోడ్ చేస్తేనే పాల్గొన్నట్టు అనే షరతు ఉండకూడదు. స్కూల్లో టీచర్‌కు చెప్పినా, కాగితం మీద లెక్క రాసినా చెల్లాలి.

వ్యూస్ వెనక కథ

వీడియో పెట్టినా అది జనానికి కనబడుతుందా అన్నది మరో ప్రశ్న. వైకల్యం ఉన్నవారి వీడియోలు ఎక్కువమందికి చేరకుండా టిక్‌టాక్ పరిమితి పెట్టిందని 2019 డిసెంబరులో జర్మనీ వెబ్‌సైట్ ‘నెట్జ్‌పొలిటిక్’ బయటపెట్టింది. వేధింపుల నుంచి కాపాడేందుకే తాత్కాలికంగా అలా చేశామని, అది సరైన పద్ధతి కాదని ఆ సంస్థ ఒప్పుకుంది. వెక్కిరించేవాళ్లను ఆపాల్సిందిపోయి, వెక్కిరింతకు గురయ్యేవాళ్లను దాచేశారన్నమాట. మన ఇళ్లలోనూ చుట్టాలొస్తే పిల్లల్ని లోపలి గదిలో ఉంచేది ఇదే ఆలోచనతో కాదా?

అలాగని జాగ్రత్తలు వద్దని కాదు. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపువారి డేటాకు తల్లిదండ్రుల అనుమతి కావాలి. కామెంట్లు ఆపేయడం, అకౌంట్ ప్రైవేట్‌గా పెట్టడం, ఇల్లు, స్కూలు గుర్తుపట్టేలా చూపించకపోవడం లాంటివి ప్రతి పిల్లవాడికీ అవసరమే. ఇంకోటి, విషాద సంగీతం పెట్టి ‘అయ్యో పాపం’ అనిపించే వీడియోలు లైకులు తెస్తాయేమో గానీ, పిల్లలకు ఫ్రెండ్స్‌ను తేవు.

ఇంటితోనే ఆగిపోతే..

ఇక్కడే అసలు ప్రమాదం. ‘ఇంట్లో ఆడుకుంటున్నారుగా’ అని స్కూల్లో ర్యాంప్ కట్టడం, పీఈటీకి శిక్షణ ఇవ్వడం మానేస్తే ఈ ఛాలెంజ్‌లు మేలుకు బదులు కీడే చేస్తాయి. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవాంజినే చూడండి. మేధోపరమైన వైకల్యం ఉన్నవారి టీ20 విభాగంలో 2024 మేలో కోబెలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు కొట్టారు. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచారు. చిన్నప్పుడు ఊళ్లో ఎగతాళి పడ్డ ఆ అమ్మాయి పరుగును స్కూల్ రోజుల్లో ట్రాక్ మీద ఎవరో చూశారు కాబట్టే ఇదంతా జరిగింది. నాలుగు గోడల మధ్యే ఉండుంటే ఆ పరుగు ఎవరికి తెలిసేది?

తెలుగు రాష్ట్రాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. స్కూలుకు రాలేని పిల్లల ఇళ్లకే వెళ్లి చదువు చెప్పే ఏర్పాటు సమగ్ర శిక్షలో ఉంది. ఆ టీచర్లు తీసుకెళ్లే పాఠాలతో పాటు వారానికో ఆట ఛాలెంజ్ చేరిస్తే, అదే ఛాలెంజ్‌ను ఆ ఊరి బడిలో మిగతా పిల్లలకూ ఇస్తే, ఇంట్లో ఉన్న పిల్లకూ బడిలో ఉన్న పిల్లలకూ ఒకే ఆట దొరుకుతుంది. నెలకోసారి అందరినీ ఒకే గ్రౌండ్‌లో కలపడం తర్వాతి మెట్టు.

ఈసారి మీ పిల్లలు ఫోన్‌లో కొత్త ఛాలెంజ్ చూపిస్తే ఒక్క ప్రశ్న అడగండి. ‘పక్కింటి పిల్లాడు వీల్‌చైర్‌లో ఉన్నాడుగా, వాడు ఇది ఎలా చేస్తాడు?’ జవాబు పిల్లలే కనిపెడతారు. రూల్స్ మార్చుకుని ఆడటం వాళ్లకు మనకంటే బాగా తెలుసు.