ఆట ఒక్కడిదైపోతే...

అమలాపురం, రాజోలు, కొత్తపేట... సంక్రాంతికి కోనసీమలో ఏ ఊరెళ్లినా అరుగులు ఖాళీగా కనిపించవు. హైదరాబాదు నుంచి దిగిన బావలు, కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన బాబాయిలు, కాలేజీ పిల్లలు. ఓ పక్క అష్టాచెమ్మా, మరో పక్క పేకముక్కలు. ప్రతి గుంపులోనూ ఒకాయన ఉంటాడు. తన పందెం వేసి ఊరుకోడు. పక్కవాళ్ల కాయ కూడా తనే జరుపుతాడు. 'అది కాదెహె, ఇటు నడుపు' అంటాడు. ఓడిపోతుంటే గవ్వలు సరిగ్గా పడలేదంటాడు. పెద్దాయన కదా, ఎవరూ ఎదురు చెప్పరు. 'పనుందండీ, ఆయ్' అంటూ ఒక్కొక్కరే లేచిపోతారు.

అష్టాచెమ్మా అయితే గంటలో ముగిసిపోతుంది. అదే నెలల తరబడి సాగే ఆట అయితే?

గెలుపూ ఓటమీ లేని ఆట

అలాంటిదొకటి ఉంది. పేరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు 1974లో దీన్ని తెచ్చారు. 2024తో 50 ఏళ్లు నిండాయి. బల్ల చుట్టూ అయిదారుగురు కూర్చుంటారు. ఒకరు సూత్రధారి. ఊళ్లూ, కోటలూ, శత్రువులూ అన్నీ ఆయన చెప్పే కథలోవే. మిగిలినవాళ్లకు తలో పాత్ర. ఒకరు వీరుడు, ఒకరు మాంత్రికుడు, మరొకరు దొంగ. 'నేను గోడ దూకుతాను' అంటారొకరు. దూకగలిగారో లేదో 20 ముఖాల పాచిక తేలుస్తుంది. గెలవడం, ఓడడం అంటూ ఉండవు. అందరూ కలిసి కథను ముందుకు నడపడమే ఆట. 2016లో మొదలైన 'స్ట్రేంజర్ థింగ్స్' సీరియల్లో పిల్లలు నేలమాళిగలో కూర్చుని ఆడేది ఇదే.

ఇలాంటి ఆటల్లో చిక్కల్లా పాచికతో కాదు, మనిషితో. ఒకడు అందరి మాటకూ అడ్డొస్తాడు. ఒకడు సాటివాళ్ల సొత్తే కాజేస్తాడు. ఒకడు రూలు పుస్తకం పట్టుకుని సూత్రధారితో వాదనకు దిగుతాడు. ఇదేమిటని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: 'నా పాత్ర అలాంటిది మరి!' పాత్ర అలాంటిదే కావచ్చు. కానీ ఆ పాత్రను ఎంచుకున్నది ఎవరు?

మన రంగస్థలం చూడనిదా?

ఈ గొడవ మనకు కొత్తదేం కాదు. పద్యనాటకాల రోజుల్లో ఒకే రాత్రి ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు దిగేవారు. జనం 'వన్స్‌మోర్' అంటే పద్యం మళ్లీ అందుకోవాల్సిందే. రాగం ఎంత లాగితే అంత చప్పట్లు. పాడే ఆయనకు పండగే. పక్కన చేతులు కట్టుకు నిలబడ్డ అర్జునుడి సంగతి ఎవరికి పట్టింది? ఎదుటి పాత్ర ఎదురుచూస్తూ నిలబడిపోతే కథ కూడా అక్కడే ఆగిపోతుంది.

'చింతామణి'ది ఇంకా పెద్ద పాఠం. వేశ్యాలోలత్వం మీద కాళ్లకూరి నారాయణరావు రాసిన సంస్కరణ నాటకమది. ఊరూరా ఆడుతూ పోయేకొద్దీ రచయిత రాయని మాటలు అందులో వచ్చి చేరాయి. నవ్వుల కోసం సుబ్బిశెట్టి పాత్రను సాగదీశారు. తమను కించపరుస్తున్నారని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెబుతూ వచ్చారు. చివరికి 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటక ప్రదర్శననే నిషేధించింది. నిషేధం సరైనదా కాదా అన్నది వేరే చర్చ. అదుపు తప్పిన హాస్యం ఒక పాత్రదే అయినా, ఆగిపోయింది మాత్రం మొత్తం నాటకం.

మరేం చెయ్యాలి?

సూత్రధారులు సాధారణంగా చేసే తప్పొకటుంది. విసిగించే ఆటగాడి పాత్ర మీదకు కథలోనే ఓ రాక్షసుణ్ని తోలతారు. దాంతో అతనికి బుద్ధి వస్తుందనుకుంటారు. రాదు. పైగా పంతం పెరుగుతుంది. మధ్యలో మిగిలినవాళ్ల సాయంత్రం పాడవుతుంది. మనుషుల మధ్య తగవును పాచికలు తీర్చలేవు. ఆట ముగిశాక మాట్లాడుకోవాల్సిందే.

అదీ నలుగురిలో కాదు, విడిగా. 'నువ్వెప్పుడూ ఇంతే' అంటే తగవు మొదలవుతుంది. 'బావా, నిన్న చెల్లి మూడుసార్లు నోరు తెరిచింది. మూడుసార్లూ నువ్వే అందుకున్నావు' అని చూడండి. జరిగింది చెబితే మనిషి ఆలోచిస్తాడు. చాలామందికి తాము అడ్డొస్తున్నామన్న సంగతే తెలియదు.

తరవాత అతను చెప్పేదీ వినాలి. రాబిన్ లాస్ అనే ఆటల రచయిత 2002లో సూత్రధారుల కోసం ఓ చిన్న పుస్తకం రాశాడు. ఆటగాళ్లంతా ఒకే సరదా కోసం రారంటాడు. ఒకరికి బలం పెంచుకోవడం ఇష్టం, ఒకరికి కొట్లాట, ఒకరికి ఎత్తుగడ, ఇంకొకరికి పాత్రలో లీనమైపోవడం. కొట్లాట కోసం వచ్చినవాణ్ని మూడు గంటలు రాజసభలో కూర్చోబెడితే వాడు కుర్చీలైనా విరగ్గొడతాడు. అప్పుడు సగం తప్పు సూత్రధారిదే.

అసలు మొదటిరోజు ఆటకు ముందే ఒప్పందాలు చేసుకునే అలవాటు ఇప్పుడు చాలా గుంపుల్లో ఉంది. ఎలాంటి కథ కావాలి, ఏ విషయాల జోలికి పోకూడదు, సాటివాడి సొత్తు దొంగిలించవచ్చా లేదా అన్నీ అప్పుడే తేల్చుకుంటారు. జాన్ స్టావ్రోపౌలోస్ అనే ఆయన ఓ చిన్న చిట్కా చెప్పాడు. ఇంటూ గుర్తు వేసిన అట్టముక్క ఒకటి బల్ల మధ్యలో పెట్టాలి. ఏదైనా సన్నివేశం ఇబ్బందిగా ఉంటే దాన్ని ముట్టుకుంటే చాలు. కారణం అడక్కుండా కథ మార్చేస్తారు. నోరు విప్పలేనివాళ్లకు అదో అండ.

అన్నీ చేసినా మారకపోతే? 'ఈ ఆట మనకు కుదరట్లేదు. రేపు సినిమాకు మాత్రం కలిసే వెళ్దాం' అని మొహం మీద చెప్పడమే మర్యాద. కొందరు ఆ పని చెయ్యలేక, అతనికి తెలియకుండా వేరే రోజు చేరుతుంటారు. అది ఎప్పటికైనా బయటపడుతుంది. అప్పుడు పోయేది ఆటొక్కటే కాదు, స్నేహం కూడా.

గట్టిగా అరిచేవాడి సంగతి అందరికీ తెలుస్తుంది. గుంపులో అసలు చూసుకోవాల్సింది అతన్ని కాదు, పోయినవారం నుంచి రావడం మానేసినవాళ్లను. వాళ్లు కారణం చెప్పి వెళ్లరు. మనమే వెళ్లి అడగాలి.