థర్మాకోల్ నాగలి

సంక్రాంతి సెలవులకి ముందురోజు, కోటబొమ్మాళి నుంచి పలాస దాకా హైవే పక్కనున్న ఏ ప్రైవేటు స్కూలు ఫేస్‌బుక్ పేజీ అయినా తెరిచి చూడండి. తాటాకు పందిరి, థర్మాకోల్ నాగలి, రంగుకాగితాల భోగిమంట, నెత్తిన అక్షయపాత్ర పెట్టుకున్న యూకేజీ హరిదాసు. ఓ మూల తిరగలి, దాని పక్కన పట్టుపరికిణీలో పాప. తిరగలిలో గింజ ఉండదు. కింద మాత్రం రాసుంటుంది: 'మన సంస్కృతిని రేపటి తరానికి అందిస్తున్నాం.'

ఏం అందించారు? అడగాలి కదా.

పిల్లలు చేత్తో చేసి నేర్చుకోవడం మీద నాకు పేచీ లేదు. ఇంగ్లండులో ప్రైమరీ స్కూళ్లు ట్యూడర్ల కాలం గురించి ఇలాంటి వర్క్‌షాపులు పెడతాయి. పిల్లలు ఆ కాలపు బట్టలు కట్టి, ఈకతో రాసి, వెన్న చిలికి చూస్తారు. వాళ్లకి వేషం తప్పదు. ట్యూడర్ వంశం 1603లో మొదటి ఎలిజబెత్‌తో ముగిసింది. అడిగి తెలుసుకుందామంటే ఆనాటి మనిషి ఒక్కడూ మిగల్లేదు. 1545లో మునిగిన 'మేరీ రోజ్' అనే యుద్ధనౌకని 1982లో సముద్రంలోంచి పైకి తీశాక, మామూలు నావికుల దువ్వెనలు, చెప్పులు, చెక్క గిన్నెలు చూసి వాళ్ల రోజు ఎలా గడిచిందో ఊహించుకోవాల్సి వచ్చింది.

మనకేం ఖర్మ? ఇక్కడ ఆ మనుషులు బతికే ఉన్నారు. సరవకోట మండలం బుడితిలో కంచు, ఇత్తడి కొలిమి ఇంకా ఆరలేదు. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, ఏకి, సన్నటి నూలు వడికే ఆడవాళ్లున్నారు. తిరగలి పక్కన కూచోబెట్టిన ఆ పాప నాయనమ్మే చోళ్లు విసిరిన మనిషి అయ్యుండొచ్చు. ఆవిణ్ణి మాత్రం ఎవరూ పిలవరు. పిలిస్తే 'చోళ్లు' అంటుంది. స్కూలు స్టాల్ మీద 'మిల్లెట్ డ్రింక్' అని బోర్డుంది మరి.

అసలు కోపం ఇక్కడ. సంవత్సరానికి ఒక్కరోజు ఈ పనులన్నీ సంస్కృతి. మిగతా రోజుల్లో అవే పనులు శాపనార్థాలు. 'చదవకపోతే గేదెలు కాసుకుంటావు', 'మీ నాన్నలాగ నాగలి పట్టుకుంటావా?' ఇదే స్కూల్లో, ఇదే నోటితో. ఉద్దానంలో, పలాసలో ఎంతమంది పిల్లల ఫీజు జీడిపిక్కల పనిలోంచి వస్తోందో ఆ స్కూళ్లకి తెలియదా? జీడి సొన చర్మాన్ని కాలుస్తుంది. 'హ్యాండ్స్ ఆన్' అని ఇంగ్లీషులో మురిసిపోతున్నారు కదా, ఆ చేతుల్ని ఒక్కసారి పిల్లల ముందు పెట్టండి. బట్టలు ఇస్త్రీ చేసుకుని స్కూలుకొచ్చిన గుంటడు, సొన మరకలున్న వాళ్లమ్మ చేతులు ఫ్రెండ్స్ కంటబడకూడదని ఎందుకనుకుంటాడు? ఆ సిగ్గు వాడికి నేర్పిందెవరు?

రెండో మోసం ఇంకా పెద్దది. ఆ పందిరి కింది పల్లెటూళ్లో అందరూ నవ్వుతుంటారు. అప్పులేదు, కులం లేదు, జమీందారు లేడు. కాసేపు థర్మాకోల్ మాట పక్కనపెట్టి, అసలు నాగలికి కర్ర ఎక్కణ్ణించి వచ్చేదో అడుగుదాం. అడవిలోంచి. అడవి ఎవరిది? మందస దగ్గర అది జమీందారుది. ఆ అడవిలో కర్ర కొట్టుకునే హక్కు కోసమే రైతులు జమీందారుతో తలపడ్డారు. 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులు జరిగాయి. సాసుమాన గున్నమ్మ, ఇంకొందరు రైతులు చనిపోయారు. నాగలి గురించిన పాఠమంటే ఇది. కోటబొమ్మాళి నుంచి బస్సెక్కితే ఒక్క పూటలో చూసి రావచ్చు.

కాళీపట్నం రామారావు 'యజ్ఞం' చదివినవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. తన అప్పు కొడుకు మెడకి చుట్టుకోకూడదని ఆ కొడుకునే నరికేసుకున్న తండ్రి కథ ఈ జిల్లా మట్టిలోంచే వచ్చింది. మన పందిట్లో ఆ తండ్రి ఎక్కడ నిలబడతాడు? హరిదాసు పక్కనా, గంగిరెద్దు పక్కనా?

'చిన్నపిల్లలకి ఇవన్నీ ఎందుకండీ' అంటారు. చిన్నపిల్లలకి తెలియనివా? ఏ వీధిలోకి వెళ్లకూడదో, ఎవరింట్లో నీళ్లు తాగకూడదో బడికి రాకముందే ఇంట్లో నేర్పేస్తారు. తెలిసిన సంగతి గురించి ప్రశ్న అడిగే చోటు బడి. ఆ ఒక్క చోటునీ ఫొటో స్టూడియో చేసేశాం.

'అంత టైమెక్కడిది' అంటారు. ఉంది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్య పిల్లలకి పది రోజులు సంచి లేకుండా, వడ్రంగుల దగ్గరా కుమ్మరుల దగ్గరా తోటపనివాళ్ల దగ్గరా గడపమని రాసింది. కాగితం మీద ఇంతకంటే మంచి మాట ఇంకేం కావాలి? ఆ పది రోజుల్ని కూడా చార్టులూ డాన్సులూ తినెయ్యకుండా చూసుకోవాలి, అంతే.

ఎలా చెయ్యాలో కూడా చెప్తాను. బుడితి నుంచి పనివాణ్ణి పిలవండి. హెడ్మాస్టరు కుర్చీ ఆయనకివ్వండి. శాలువా కప్పి పంపెయ్యకుండా, ఆ రోజు కూలి లెక్కకట్టి చేతిలో పెట్టండి. పిల్లలు పని మొదటి నుంచి చివరిదాకా చూడాలి. చోళ్లయితే విసరడంతో ఆపకూడదు, అంబలి కాచి తాగేదాకా. చెయ్యి నొప్పెట్టాలి. అప్పుడు నాలుగు ప్రశ్నలు రాయించండి. ఈ పని ఎవరు చేశారు? ఎవరి కోసం? ఏం ముట్టింది? ఎవరిని ముట్టుకోనివ్వలేదు? జవాబులు పుస్తకంలో దొరకవు, ఇంటికెళ్లి నాయనమ్మనే అడగాలి. బహుశా ఆ ఇంట్లో ఆవిడ మాటని నోటుబుక్కులోకి ఎక్కించడం అదే మొదటిసారి అవుతుంది.

దీనికి థర్మాకోల్ అక్కర్లేదు, డ్రోన్ వీడియో అక్కర్లేదు, ఫీజులో ఇంకో ఐదొందలు కలపక్కర్లేదు. పిల్లల ఇళ్లలో మనుషుల్ని మనుషులుగా చూడగలిగే స్కూలు ఉంటే చాలు. ఈ జనవరిలో మీ పిల్లల స్కూలు నుంచి 'ట్రెడిషనల్ డ్రెస్‌లో పంపండి' అని మెసేజ్ వస్తే, బట్టలు తర్వాత చూసుకోవచ్చు. ముందు తిరగలిలో ఏం పోస్తున్నారో అడగండి.