చవక ప్రింట్లు

మామయ్యగారి సంవత్సరీకానికి ఆల్బమ్ చేద్దామని, ఆన్‌లైన్‌లో చవగ్గా ఉందని వంద ఫోటోలు ఒకేసారి ఆర్డర్ పెట్టేశాను. వచ్చాక చూస్తే సగం మసక. గ్రూపు ఫోటోలో వెనక నిలబడ్డ మామయ్యగారికి నుదుటిపైన తలే లేదు! అత్తయ్యగారు ఏమీ అనలేదు, ఆ అంచు వేలితో తడిమారంతే.

తప్పు నాదీ ఉంది. వాట్సాప్‌లో కుదించుకుపోయి వచ్చినవే పంపాను. 4×6 అంగుళాల ప్రింటు స్పష్టంగా రావాలంటే 1200×1800 పిక్సెళ్ళు ఉండాలి. పైగా ఫోన్ ఫోటోలు ఎక్కువగా 4:3, ఆ కాగితమేమో 3:2. నిండుగా వేస్తే కోత తప్పదు.

అందుకే ధర ఒక్కటే చూడకండి. కోత ఎక్కడ పడుతుందో ముందే చూపించి, సరిచేసుకోనిచ్చే సర్వీసునే ఎంచుకోండి. మొదట పది ప్రింట్లే తెప్పించుకోండి.

అసలు ఫోటో మా మరిది ఫోన్‌లో దొరికింది. మళ్ళీ వేయించాను. ఇప్పుడది అత్తయ్యగారి మంచం పక్కనే ఉంటుంది.